ఒడ్డా, జెట్టీయా, పడవా? స్నేహితులతో సముద్రపు వేట, ఆ చేపతోనే రాత్రి భోజనం

నలుగురైదుగురు స్నేహితులు కలిసి సముద్రంలో గాలం వేద్దాం, పడ్డ చేపను ఆ రాత్రికే వండుకుందాం అనుకోగానే మొదట వచ్చే ప్రశ్న "ఏ రాడ్ కొనాలి?" అని. నన్నడిగితే అది మూడోదో నాలుగోదో. మొదట తేల్చుకోవాల్సింది మనతో ఎవరెవరు వస్తున్నారన్నది. ఇంతవరకు గాలం ముట్టుకోనివాళ్లు ఎందరు, ఈత రానివాళ్లు ఎవరు, బస్సు ప్రయాణానికే కడుపులో తిప్పేది ఎవరికి? గుంపులో అందరికన్నా కొత్తవాళ్లకి ఆ రోజు హాయిగా గడిస్తే మిగతావాళ్లకీ గడుస్తుంది. ఇక్కడ చెప్పేవన్నీ వాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. బాగా అనుభవం ఉన్న ఇద్దరే వెళ్తుంటే కొన్నిచోట్ల నా సలహా వేరుగా ఉండేది.

రెండో ప్రశ్న ఐసు. ఎంత తీసుకెళ్తున్నాం, ఎందులో తీసుకెళ్తున్నాం? రాత్రి పళ్లెంలో చేప ఎలా ఉంటుందో రాడ్ కన్నా ఐసే ఎక్కువగా తేలుస్తుంది. దాని దగ్గరికి నెమ్మదిగా వస్తాను.

ఎక్కడి నుంచి వేయాలి?

ఇసుక ఒడ్డు నుంచి వేయడానికి 10 నుంచి 12 అడుగుల పొడవాటి రాడ్ కావాలి, అలల్లో కదలకుండా నిలబడే బరువైన సీసం గుండు కావాలి, అన్నిటికన్నా ఎక్కువగా ఓపిక కావాలి. ఖర్చు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ. కానీ కొత్తవాళ్లు గుండును వెనక్కి తిప్పి విసురుతుంటే పక్కన నిలబడ్డవాళ్లకి ప్రమాదం. ఒకరికొకరు కనీసం ఇరవై అడుగులు దూరంగా ఉండాలి. అంత దూరంలో ఉంటే మాటలు ఉండవు. మాటల కోసమే వెళ్తున్నవాళ్లకి ఇది లోటే.

ఒడ్డున చేప ఎక్కడుంటుందో తెలియాలంటే నీటిని చదవాలి. అలలు వరసగా విరిగి నురగ వస్తున్న చోట నీటి కింద ఇసుక దిబ్బ ఉంటుంది. రెండు దిబ్బల మధ్య అల విరగకుండా, కాస్త ముదురు రంగులో, నున్నగా కనిపించే నీరు లోతైన కాలువ. చేపలు తిండి వెతుక్కుంటూ తిరిగేది అక్కడే. చాలామంది శక్తి కొద్దీ విసిరి, చేపలున్న కాలువ దాటించి అవతల దిబ్బ మీద పడేస్తారు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. దిబ్బను చీల్చుకుని సముద్రంలోకి సాగే అలాంటి నున్నటి చీలికలోనే మనిషిని లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. ప్రశాంతంగా కనిపిస్తోంది కదా అని నడుం లోతుకి దిగి విసిరే పని ఎవరూ చేయకూడదు. మోకాళ్లు దాటకుండా నిలబడి విసిరితే చాలు.

రాళ్ల మీద నుంచి వేయడం గురించి ఎక్కువ చెప్పను. చేపలు బాగానే పడతాయి, అయినా కొత్తవాళ్లున్న గుంపుని అక్కడికి తీసుకెళ్లొద్దు. రాయి తడిగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందని అర్థం. పదిహేను నిమిషాలు చిన్న అలలు చూసి ధైర్యం చేసినవాళ్లని పదహారో నిమిషంలో వచ్చే పెద్ద అల తోసేస్తుంది.

జెట్టీ మీద పరిస్థితి పూర్తిగా వేరు. లోతు మీ కాళ్ల కిందే ఉంటుంది కాబట్టి దూరం విసరాల్సిన పనే లేదు, గాలాన్ని నిటారుగా కిందికి జారవిడిస్తే చాలు. స్తంభాలకు అంటుకున్న గుల్లల్లో పీతలు, రొయ్యలు, చిన్న చేపలు ఉంటాయి. వాటి కోసం పెద్దవి వస్తాయి. పక్కపక్కనే నిలబడొచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు, అలసిపోయినవాళ్లు కూర్చోవచ్చు. ఇబ్బందులు రెండున్నాయి. ఆ గుల్లలు తీగను బ్లేడులా కోసేస్తాయి. రెండోది, చేప పడ్డాక అంత ఎత్తుకి లేపాలి. రెండు కిలోల చేపను తీగతోనే పైకి లాగితే సగం దారిలో జారిపోతుంది. తాడు కట్టి కిందికి దించే గుండ్రటి వల ఒకటి తీసుకెళ్లండి, గుంపు మొత్తానికి ఒకటి సరిపోతుంది. ఆ జెట్టీ మీద గాలం వేయడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోండి.

పడవ మీద చేపలు ఎక్కువ పడతాయి, పెద్దవి పడతాయి, పడవ నడిపే సరంగుకి చోట్లు తెలుసు కాబట్టి మనం వెతుక్కోనక్కర్లేదు. అయినా మొదటిసారికి నేను పడవ వద్దంటాను. కారణం ఒక్కటే, అక్కడ మధ్యలో ఆపడం కుదరదు. ఒకసారి మేం ఐదుగురం రోజంతా వేటకి మాట్లాడుకుని వెళ్లాం. ఒడ్డు కనుమరుగై గంట కాకముందే మాలో ఒకతను మౌనంగా అయిపోయాడు. తర్వాత ఆవులింతలు మొదలయ్యాయి, నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. మిగతా ఆరు గంటలూ పడవ అంచుకి తల ఆనించి పడుకునే ఉన్నాడు. మాకు ఒక్కొక్కరికీ మంచి చేపలు పడ్డాయి కానీ ఎవరమూ గట్టిగా సంతోషపడలేకపోయాం. రెండు నెలల తర్వాత అతన్నే జెట్టీ మీదకి తీసుకెళ్తే రోజు మొదటి చేప అతనికే పడింది.

పడవే కావాలనుకుంటే పూర్తి రోజు కన్నా నాలుగు గంటల సగం రోజు వేట ఎంచుకోండి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర పడవ కదలడానికి కనీసం గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. అలాంటి మాత్రలు కొందరికి మత్తు తెస్తాయి కాబట్టి డాక్టర్‌నో మందుల షాపులోనో అడిగి తీసుకోండి. పడవ ముందు భాగంలో ఊపు ఎక్కువ, నడిమి నుంచి వెనక వైపు తక్కువ. ఫోన్ చూడకుండా, దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉంటే తేడా తెలుస్తుంది. మాట్లాడుకునేటప్పుడే సరంగుని మూడు అడగండి: తలకొక లైఫ్ జాకెట్ ఉందా, రేడియో ఉందా, పడ్డ చేపలు ఎవరివి? మూడోది ముందు అడగకపోతే చివర్లో మాటా మాటా వస్తుంది.

మొత్తం మీద నేను వేసుకునే వరస ఇది. కొత్తవాళ్లుంటే జెట్టీ. ఆ గుంపే రెండోసారి వస్తే సగం రోజు పడవ. ఇద్దరు ముగ్గురు ఓపికమంతులైతే తెల్లవారుజామున ఇసుక ఒడ్డు.

ఎప్పుడు వెళ్లాలి?

సెలవు చూసుకుని రోజు పెట్టుకుంటాం కానీ గంటలు మాత్రం పోటుని బట్టి పెట్టుకోవాలి. చాలా తీరాల్లో రోజుకి రెండుసార్లు పోటు వస్తుంది, ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు సమయం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు కదులుతున్నప్పుడు ఎర వాసన పాకుతుంది, చిన్న చేపలు కొట్టుకొస్తాయి, పెద్దవి వేటకి దిగుతాయి. నీరు నిలిచిపోయిన ఆ కాసేపు అన్నీ మందగిస్తాయి. పోటు ఎక్కే చివరి రెండు గంటలు, దిగడం మొదలైన మొదటి గంట చాలాచోట్ల మంచి సమయం. అది ఉదయపు నీరెండతోనో సాయంత్రంతోనో కలిస్తే ఇంకా మేలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి కదలిక బలంగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లకి అది వరం, కొత్తవాళ్లకి గుండు నిలవక విసుగు. మొదటిసారికి అష్టమి దాపుల్లో పెట్టుకుంటే నీరు నెమ్మదిగా ఉంటుంది. ఉరుము వినిపించిందంటే ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పారుతుంది, దాన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని నిలబడకూడదు.

రాడ్, తీగ, ఎర

ఇప్పుడు రాడ్ గురించి. జెట్టీకీ పడవకీ 7 అడుగుల మధ్యరకం రాడ్, 4000 లేదా 5000 సైజు స్పిన్నింగ్ రీలు (రాడ్‌కి బిగించి తీగ చుట్టే పరికరం) ఉంటే రెండూ గడిచిపోతాయి. నలుగురికి నాలుగు కొనాల్సిన పని లేదు. రెండు సెట్లతో వంతులేసుకుంటే ఒకరు చేప పడుతుంటే ఇంకొకరు వల పట్టుకుంటారు, నేర్పడానికీ వీలుంటుంది.

తీగ విషయంలో అల్లిన తీగ గొప్పదని అందరూ చెప్తారు. సన్నగా ఉంటుంది, సాగదు, చేప ముక్కు తాకించినా చేతికి తెలుస్తుంది. లోతు నీటిలో పడవ మీద నుంచి వేసేటప్పుడు నేనూ అదే వాడతాను. కానీ కొత్త చేతుల్లో అది చిక్కు పడితే విప్పలేం, బరువు మీద ఉన్నప్పుడు వేళ్లు కోసేస్తుంది. మామూలు నైలాన్ తీగ సాగుతుంది. ఆ సాగడమే కొత్తవాళ్లని కాపాడుతుంది. కంగారులో ఒక్కసారిగా లాగినా తీగ కొంత ఓర్చుకుంటుంది, చేప నోటి నుంచి గాలం ఊడిరాదు. జెట్టీ మీద 7 నుంచి 9 కిలోల లాగుడుకి తెగని నైలాన్, చివర రెండు అడుగుల మందపాటి ఫ్లూరోకార్బన్ (రాపిడికి ఓర్చే గట్టి తీగ) ముక్క చాలు. రీలు డ్రాగ్‌ని, అంటే ఎంత లాగుడుకి తీగ జారాలో తేల్చే బిగింపుని, తీగ బలంలో పావు వంతుకీ మూడో వంతుకీ మధ్య బిగించండి. 9 కిలోల తీగైతే రెండున్నర, మూడు కిలోల లాగుడుకి తీగ జారడం మొదలవ్వాలి. చిన్న తక్కెడకి తీగ కట్టి లాగి చూసుకోవచ్చు.

ఎర, కృత్రిమ ఎర రెండిట్లో గుంపుకి మామూలు ఎరే సరి. ప్లాస్టిక్, లోహపు ఎరలు వేసేవాళ్లు ఆగకుండా విసురుతూ చుట్టుతూ ఉండాలి. ఒంటరిగా నడుస్తూ వేసేవాళ్లకి అది బాగుంటుంది. రొయ్యకి చేపలు త్వరగా వస్తాయి కానీ మెత్తన, చిన్న చేపలు కొరికి పట్టుకుపోతాయి. స్క్విడ్ ముక్క గట్టిగా గాలాన్ని పట్టుకుని ఉంటుంది, మాటి మాటికీ ఎర మార్చే పని తగ్గుతుంది. నేను స్క్విడ్ సన్నటి పట్టీలా కోసి, ఒక చివర మాత్రమే గుచ్చి, మిగతాది నీటిలో ఊగేలా వదిలేస్తాను.

గాలం మాత్రం గుండ్రటిది, అంటే సర్కిల్ హుక్ తీసుకోండి. మామూలు గాలానికి చేప కొరకగానే రాడ్ ఎత్తి గుంజాలి, ఆలస్యమైతే చేప గాలాన్ని కడుపులోకి మింగేస్తుంది. సర్కిల్ హుక్‌కి గుంజకూడదు. చేప లాక్కుపోతుంటే నెమ్మదిగా రీలు చుట్టడమే, గాలం దానంతటదే నోటి మూలన పట్టుకుంటుంది. కొత్తవాళ్లకి చెప్పాల్సింది ఒకటే మాట, "కంగారు పడకుండా చుట్టు" అని. చిన్న చేపైతే తీసి బతికుండగానే వదిలేయొచ్చు.

పడ్డాక మొదటి పది నిమిషాలు

అసలు మాట ఇక్కడుంది. మేం మొదటిసారి వెళ్లినప్పుడు ఏడు కానాగంతలు పడ్డాయి. బకెట్‌లో సముద్రపు నీళ్లు పోసి అందులో వేశాం. తాజాగా ఉంటాయనుకున్నాం. ఎండకి నీళ్లు వెచ్చబడ్డాయి, చేపలు ఊపిరాడక కొట్టుకుని కొట్టుకుని చచ్చిపోయాయి. మధ్యాహ్నం చూస్తే కళ్లు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కితే పడ్డ గుంట మళ్లీ పైకి రాలేదు. ఒక్కటి కూడా తినలేదు, తినకపోవడం మంచిదే అయింది. కానాగంతలు, కవ్వళ్లు, ట్యూనా లాంటి చేపలు వెచ్చగా ఉండిపోతే బాక్టీరియా వల్ల మాంసంలో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం పేరుకుంటుంది. ఒకసారి చేరాక ఎంత వండినా, వేయించినా, ఫ్రీజ్ చేసినా అది పోదు. తిన్న నిమిషాల్లోనో గంట రెండు గంటల్లోనో మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు రావొచ్చు.

కాబట్టి బకెట్ ఆలోచన మానేయండి. మిగిలేవి రెండు, ఉత్త ఐసు, ఐసు కలిపిన సముద్రపు నీరు. ఉత్త ఐసు గడ్డల మధ్య సందులుంటాయి, చేప ఒంటికి అక్కడక్కడే చల్లదనం తగులుతుంది. రెండు వంతుల ఐసుకి ఒక వంతు సముద్రపు నీరు కలిపితే చేప చుట్టూ పూర్తిగా కమ్ముకుంటుంది. సముద్రపు నీరు గడ్డకట్టేది సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర, అందుకే ఆ జావ సున్నా కన్నా కిందికి కూడా వెళ్తుంది. నిమిషాల్లో చేప గట్టిపడుతుంది. పట్టగలమనుకున్న చేప బరువుకి కనీసం సమానంగా ఐసు పెట్టుకోండి, ఎండాకాలమైతే రెట్టింపు. తాగే నీళ్ల సీసాలు వేరే పెట్టెలో పెట్టండి, లేకపోతే దాహమేసినప్పుడల్లా మూత తెరుచుకుంటుంది.

ఐసులో వేసేముందు చేప తల మీద గట్టిగా ఒక దెబ్బ కొట్టి, మొప్పల కింద కత్తితో కోసి, సముద్రపు నీటిలో రెండు మూడు నిమిషాలు రక్తం వార్చండి. రక్తం పోయిన మాంసం తెల్లగా, నీచు తక్కువగా ఉంటుంది. అరకిలో లోపు చేపలకి ఇదంతా అక్కర్లేదు, నేరుగా ఐసు జావలో వేసేయొచ్చు. పేగులు వీలైనంత త్వరగా తీసేయాలి.

ఏది ఉంచుకోవాలో కూడా అప్పుడే తేల్చాలి. బుడగలా ఉబ్బే పఫర్ చేప విషం వంటతో పోదు, దాన్ని తాకకుండా తీగ కోసి వదిలేయండి. జెల్లల రెక్కల ముళ్లు, టేకు చేప తోక ముల్లు గుచ్చుకుంటే భరించలేని నొప్పి. ఆ చోటుని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ముంచి ఉంచి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పగడపు దిబ్బల దగ్గర పడ్డ పెద్ద బారకూడా, పెద్ద గ్రూపర్ మాంసంలో సిగ్వాటెరా అనే విషం ఉండొచ్చు. రుచిలో, వాసనలో తెలియదు, వండినా పోదు. అక్కడ పెద్దది వదిలేయడమే మేలు. పేరు తెలియని చేప పళ్లెంలోకి రాకూడదు. చేప సైజుకీ సీజన్‌కీ మీరు వెళ్లే తీరంలో ఉన్న నియమాలు ముందే చూసుకోండి.

ఒక కిలో చేప నుంచి ముల్లు తీసిన మాంసం సుమారు 400 గ్రాములే వస్తుంది. ఐదుగురికి నాలుగు కిలోలు పడ్డాయంటే ఇక పడ్డవి వదిలేయొచ్చు.

ఒడ్డున వండాలా, ఇంటికి తెచ్చి వండాలా?

నిప్పు పెట్టుకోవడానికి అనుమతి ఉండి, గాలి తక్కువగా ఉండి, ఇంకా వెలుగుంటే ఒడ్డున వండుకోవడం లాంటిది మరొకటి లేదు. కానీ చీకట్లో పొలుసు తీయడం, ఇసుక పడ్డ ముక్కలు నమలడం టెన్షన్ తప్ప మరేం కాదు. అందుకే నేను సగం సగం చేస్తాను. చిన్న చేపలు రెండు మూడు నిప్పుల మీద అక్కడే, మిగతావి ఐసులో ఇంటికి. ఒడ్డుకి పదునైన కత్తి, చెక్క పలక, ఉప్పు, నూనె, నిమ్మకాయలు, మంచినీళ్లు, తలకి కట్టుకునే లైటు తీసుకెళ్తే సరిపోతుంది.

ఇంటికి తీసుకెళ్లమనడానికి ఇంకో కారణం ఉంది. చచ్చిన కాసేపటికి చేప కండరాలు బిగుసుకుంటాయి. ఆ బిగువులో ఉండగా పెద్ద చేపను కోసి వండితే ముక్క ముడుచుకుపోయి, రబ్బరులా సాగుతుంది. రెండు కిలోలు దాటిన చేపను ఐసులోనే రాత్రంతా ఉంచి మర్నాడు వండితే మాంసం మెత్తగా, ఇంకా రుచిగా ఉంటుంది. ఆ రాత్రికి చిన్నవి, మర్నాటికి పెద్దవి అని లెక్క పెట్టుకోండి.

ఏ చేపకి ఏ వంట అన్నది దాని కొవ్వుని బట్టి ఉంటుంది. కానాగంతలు, కవ్వళ్లు కొవ్వున్నవి. వీటిని నిప్పుల మీద కాలిస్తే సొంత నూనెలోనే ఉడుకుతాయి, పులుపు తగిలితే జిడ్డు విరుగుతుంది. పండుగప్ప, స్నాపర్ లాంటి తెల్ల మాంసం చేపలు నిప్పు మీద త్వరగా ఎండిపోతాయి. వాటికి ఆవిరి మంచిది, లేదా పెనం మీద కొంచెం నూనెలో చర్మం వైపు కాల్చడం మంచిది. చందువా లాంటి పల్చటి చేపను ముక్కలు చేయకుండా గాట్లు పెట్టి మొత్తంగా వేయించండి.

కాల్చేటప్పుడు అందరూ చేసే తప్పు తొందరగా తిప్పడం. చేప చర్మం మీద తడి లేకుండా గుడ్డతో తుడిచి, నూనెను గ్రిల్‌కి బదులు చేపకే రాసి, బాగా వేడెక్కిన కమ్మీల మీద పెట్టి వదిలేయండి. మొదట అంటుకుంటుంది. చర్మం కాలి గట్టిపడ్డాక దానంతటదే వదులుతుంది. అట్లకాడ తోస్తే తేలిగ్గా లేచినప్పుడే తిప్పాలి. మందం ప్రతి 2.5 సెంటీమీటర్లకి మొత్తం పది నిమిషాలు అన్నది మంచి కొలత. ఉడికిందో లేదో చూడాలంటే వెన్నుముల్లు పక్కన కత్తి మొన గుచ్చి మెల్లగా ఎత్తండి. అక్కడ మాంసం గాజులా కనిపిస్తే ఇంకాసేపు ఉంచాలి, తెల్లబడి రేకులుగా విడిపోతే దించేయాలి. థర్మామీటర్ ఉంటే మాంసం లోపల 63 డిగ్రీలు చూపాలి.

తాజాగా పట్టాం కదా పచ్చిగా తిందామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సముద్రపు చేపల్లో పురుగులు ఉండొచ్చు. అవి చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉంచాలి, ఇంటి ఫ్రీజర్లు చాలావరకు అంత చల్లగా ఉండవు.

తలలు, ముళ్లు పారేయకండి. తెల్ల చేపలవైతే ఉల్లిపాయ, మిరియాలు వేసి సన్నటి మంట మీద అరగంట మరిగించి వడకడితే మర్నాటికి చిక్కటి చారు నీళ్లు వస్తాయి. అరగంట దాటితే చేదెక్కుతుంది. తల నుంచి మొప్పలు మాత్రం ముందే పూర్తిగా లాగేయండి. ఒక్క మొప్ప మిగిలినా గిన్నెంతా చేదే.